సర్పంచి లెక్క చెప్పాలె, పార్టీ చెప్పదా?

2023 డిసెంబరు 3న ఓట్ల లెక్క తేలింది. 7వ తేదీన కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. ఆ వారంలోనే మాసబ్ ట్యాంక్‌లోని పశుసంవర్ధక శాఖ ఆఫీసులో ఫైళ్లు చించి, సంచుల్లో నింపి మాయం చేశారని గొడవ లేచింది. పాత మంత్రి దగ్గర ఓఎస్డీగా పనిచేసిన అధికారి మీద, మరికొందరి మీద నాంపల్లి పోలీసులు కేసు పెట్టారు. అదే వారంలో, అంటే ఫలితాలొచ్చిన మర్నాడు రాత్రి, స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో కంప్యూటర్ల హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఇంకో ఆరోపణ. దాని మీద 2024 మార్చిలో పంజాగుట్ట పోలీసు స్టేషన్‌లో కేసు నమోదైంది. ఫోన్ ట్యాపింగ్ కేసు అని అందరం పిలుస్తున్నది అదే.

ఇంకొంచెం ముందుకు పోదాం. అమీర్‌పేట స్వర్ణజయంతి కాంప్లెక్స్‌లో అప్పట్లో హెచ్‌ఎండీఏ ఆఫీసు ఉండేది. 2023 అక్టోబరులో, ఎన్నికల కోడ్ అమలులో ఉండగా, ఫార్ములా ఈ కార్ల రేసు నిర్వాహకులకు హెచ్‌ఎండీఏ ఖజానా నుంచి పైసలు పోయాయి. పన్నులతో కలిపి లెక్క దాదాపు 55 కోట్లు. క్యాబినెట్ ఆమోదం లేదు, ఆర్థిక శాఖ అనుమతి లేదు అంటూ 2024 డిసెంబరులో ఏసీబీ కేసు పెట్టింది. మాజీ మంత్రి కేటీఆర్‌ను మొదటి నిందితుడిగా చేర్చింది. ఒక్క పైసా కూడా దుర్వినియోగం కాలేదని, హైదరాబాద్ పేరు నిలబెట్టడానికే చేశామని ఆయన అంటున్నారు.

మాసబ్ ట్యాంక్ నుంచి పంజాగుట్ట మీదుగా అమీర్‌పేటకు ఎంత దూరం? ట్రాఫిక్ లేకుంటే పావుగంట. ఈ పావుగంట దారిలో మూడు కేసులు. మూడూ ఆరోపణలే, కోర్టులో తేలాల్సినవే. ఎవరినీ దోషి అనే హక్కు మనకు లేదు. అయినా ఒక మాట మాత్రం అడుగుతం. ఈ మూడూ సర్కారు మారిన తర్వాతనే ఎందుకు బయటికొచ్చాయి? మారకపోతే? ఆ ఫైళ్లు బీరువాల్లోనే, హార్డ్ డిస్కులు కంప్యూటర్లలోనే ఉండేవి. మనం ఏమీ జరగలేదనుకుంటూ ఆఫీసులకు, కాలేజీలకు పోతూ ఉండేవాళ్లం.

మాసబ్ ట్యాంక్ పక్కనే ఏసీ గార్డ్స్‌లో ఇంకో ఆఫీసు ఉంది. రాష్ట్ర ఎన్నికల సంఘం. పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు నడిపేది వీళ్లే. 2025 డిసెంబరులో మూడు విడతల్లో 12 వేల పైచిలుకు గ్రామ పంచాయతీలకు ఎన్నికలు పెట్టారు. సర్పంచి అభ్యర్థికి ఖర్చు పరిమితి ఎంతో తెలుసు కదా. ఊరి జనాభా 5 వేల లోపైతే లక్షన్నర, దాటితే రెండున్నర లక్షలు. వార్డు మెంబరుకు 30 వేలు, 50 వేలు. పోలింగ్ అయిన 45 రోజుల్లో ఖర్చు లెక్క ఇయ్యాలె. ఇయ్యకపోతే మూడేండ్లు పోటీకి పనికిరాడు. గెలిచినోడైతే పదవే పోతది.

మంచి చట్టమే. చెడ్డదని మేం అనం. చాయ్ బిల్లు, ఆటో కిరాయి, మైకు సెట్టు, కరపత్రాలు, ఒక్కోటి రాసి సంతకం పెట్టి మండలాఫీసులో ఇచ్చి రావాలె. ఓడిపోయిన దళిత మహిళా అభ్యర్థి కూడా ఇయ్యాలె, కూలి పని మానుకొని పోయి మరీ ఇయ్యాలె. సర్పంచి లక్షన్నరకు ఇంత కాపలా ఉన్న రాష్ట్రంలో కోట్ల కాడ ఎంత కాపలా ఉందో ఇప్పుడు చూద్దాం.

ఎమ్మెల్యే అభ్యర్థికి పరిమితి 2022 జనవరి నుంచి 40 లక్షలు. ఎంపీకి 95 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి లెక్క ఇయ్యాలె. తప్పితే ఇక్కడా మూడేండ్ల అనర్హతే. కాగితం మీద సర్పంచికీ ఎమ్మెల్యేకీ ఒకటే నీతి కనిపిస్తది. కాని ఎమ్మెల్యే వెనుక పార్టీ ఉంటది. ఆ పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితి లేదు. హెలికాప్టర్లు, పేపర్లలో నిండు పేజీ ప్రకటనలు, స్టార్ ప్రచారకుల ప్రయాణాలు పార్టీ ఖాతాలో పోతయి. అభ్యర్థి 40 లక్షల్లోకి రావు.

ఇది పొరపాటున మిగిలిన సందు కాదు, తెలిసి తెరిచిన తలుపు. 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తదని చెప్పింది. ఆ నెలలోనే ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ తీర్పును పక్కకు పెట్టింది. ఆ తర్వాత ఢిల్లీలో ఎన్ని సర్కార్లు మారాయో లెక్కపెట్టండి. జనతా వచ్చింది, నేషనల్ ఫ్రంట్ వచ్చింది, ఎన్డీఏ వచ్చింది, యూపీఏ వచ్చింది, మళ్లీ ఎన్డీఏ వచ్చింది. యాభై ఏండ్లలో ఎవరూ ఆ తలుపు మూయలేదు.

ఉద్యోగ మిత్రులకు, పట్టభద్రులకు ఇంకో సంగతి. మనం ఓటేసే శాసనమండలి ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చుకు అసలు పరిమితే లేదు. పట్టభద్రుల సీటుకు, టీచర్ల సీటుకు ఎంతైనా పెట్టొచ్చు. చదువుకున్నోళ్లు అమ్ముడుపోరని నమ్మి చట్టం చేసినోళ్లు అట్లా వదిలేశారో, ఇంకెందుకు వదిలేశారో గాని, గత నాలుగు ఎన్నికల్లో మన ఫోన్లకు వచ్చిన మెసేజ్‌లు, ఫంక్షన్ హాళ్లలో పెట్టిన విందులు చూసినోళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు బాండ్ల కథ. 2018 జనవరిలో ఎన్నికల బాండ్లు వచ్చాయి. కంపెనీ స్టేట్ బ్యాంకులో బాండు కొంటది, పార్టీ దాన్ని మార్చుకుంటది. ఎవరిచ్చారో, ఎవరికిచ్చారో మనకు తెలియదు. దీనికి ముందే, 2017లో, కంపెనీ లాభాల్లో ఏడున్నర శాతం దాటి విరాళం ఇయ్యొద్దన్న నిబంధనను తీసేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇయ్యొచ్చు! నష్టాల్లో ఉన్నోడు కోట్లు ఎందుకిస్తడు? 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పేర్లు బయట పెట్టమని ఆదేశించింది. స్టేట్ బ్యాంకు మొదట జూన్ దాకా గడువు అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు, రోజుల్లోనే లెక్క బయటికొచ్చింది.

ఆ లెక్కలో మన రాష్ట్రం ఉన్న చోటు చూసి తలెత్తుకోవాల్నో దించుకోవాల్నో తెలియలేదు. దేశంలో బాండ్ల ద్వారా ఎక్కువ సొమ్ము అందుకున్న పార్టీల్లో బీఆర్‌ఎస్‌ది నాలుగో స్థానం, 1,200 కోట్ల పైచిలుకు. ముందున్నవి బీజేపీ, తృణమూల్, కాంగ్రెస్. రెండు లోక్‌సభ సీట్ల రాష్ట్రమా మనది, దేశాన్నేలే పార్టీల పక్కన నిలబడ్డదని సంబరపడటానికి? పదిహేడు సీట్ల రాష్ట్రం. ఎక్కువ బాండ్లు కొన్నోళ్లలో రెండో స్థానం హైదరాబాద్ కంపెనీదే. మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. కాళేశ్వరం పంపుహౌజులు కట్టింది ఈ కంపెనీయే. దీని బాండ్లలో పెద్ద వాటా, 580 కోట్లకు పైగా, బీజేపీకి పోయింది. బీఆర్‌ఎస్‌కు 195 కోట్లు. డీఎంకే, వైఎస్సార్‌సీపీ, టీడీపీ, కాంగ్రెస్ ఖాతాల్లో కూడా పడ్డాయి. గుత్తేదారుకు జెండా రంగుతో పని లేదు.

ఫార్ములా ఈ కేసులో కూడా బాండ్ల మాట వచ్చింది. రేసు ఒప్పందంలో భాగమైన కంపెనీకి సంబంధమున్న గ్రీన్‌కో గ్రూపు 2022లో బీఆర్‌ఎస్‌కు 41 కోట్ల బాండ్లు ఇచ్చిందని ప్రభుత్వం బయటపెట్టింది. కేటీఆర్ జవాబేమిటంటే, ఆ గ్రూపు కాంగ్రెస్‌కు, బీజేపీకి కూడా ఇచ్చింది కదా అని. నిజమే కావొచ్చు. కాని అది ఆయన్ను కాపాడే జవాబు కాదు, అందరినీ ఇరికించే జవాబు.

ఇక్కడ మన గుండె మండే మాట ఒకటి చెప్పుకోవాలె. ఉద్యమం ఎట్లా నడిచింది? 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. ఉద్యోగులు, టీచర్లు, ఆర్టీసీ కార్మికులు, సింగరేణి కార్మికులు జీతాలు వదులుకొని నిలబడ్డారు. ఊర్లల్ల బియ్యం పోగుచేసి వంటావార్పు చేశారు. ఉస్మానియా హాస్టళ్లలో మెస్సు మూసేసిన రోజుల్లో చుట్టుపక్కల బస్తీలు అన్నం పెట్టాయి. ఆ చందాలకు రసీదు అడిగినోడు లేడు, లెక్క తప్పినోడూ తక్కువే. రాష్ట్రం వచ్చిన మూడేండ్లకు, 2017 ఏప్రిల్‌లో, అదే పార్టీ 'గులాబీ కూలీ' అని పెట్టింది. వరంగల్ సభ ఖర్చు కోసం మంత్రులు, ఎమ్మెల్యేలు కూలి పని చేసి సంపాదిస్తరట. కేటీఆర్ ఐస్‌క్రీం అమ్మితే అప్పటి ఎంపీ మల్లారెడ్డి ఒక్క ఐస్‌క్రీంకు 5 లక్షలిచ్చి కొన్నారు. పేపర్లన్నీ ఫొటోలేశాయి, టీవీలు నవ్వుకుంటూ చూపించాయి. ఆ ఏడు ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో రోజుకు రెండు వందల లోపు. నిమిషాల్లో లక్షలు సంపాదించినోడిని కూలి అనటం ఆ మాటను ఎక్కిరించటం కాదా? ఇచ్చినోడు ఎందుకిచ్చాడు, తర్వాత ఏం పొందాడు అని ఏ అధికారీ అడగలేదు. విందుభోజనంలో తమాషా లెక్క గడిచిపోయింది.

బీఆర్‌ఎస్‌ను మాత్రమే తిడుతున్నరని కొందరు మిత్రులకు కోపం రావొచ్చు. ఆగండి.

2015 మే 31న ఎమ్మెల్సీ ఎన్నికల ముందు, నామినేటెడ్ ఎమ్మెల్యే స్టీఫెన్‌సన్‌కు 50 లక్షలు ఇస్తుండగా ఏసీబీ పట్టుకున్నది ఎవరిని? అప్పటి టీడీపీ ఎమ్మెల్యే రేవంత్ రెడ్డిని. వీడియో దేశమంతా చూసింది. ఓటుకు నోటు కేసు అనే పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎనిమిదేండ్లు గడిచే సరికి ఆయన ముఖ్యమంత్రి, హోం శాఖ కూడా ఆయన దగ్గరే. కేసు మాత్రం విచారణ దశ దాటలేదు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ విచారణను వేరే రాష్ట్రానికి మార్చటానికి ఒప్పుకోలేదు గాని, ఈ కేసు విషయంలో ముఖ్యమంత్రి జోక్యం చేసుకోవద్దని, ఏసీబీ డైరెక్టర్ జనరల్ ఆయనకు నివేదించవద్దని చెప్పాల్సి వచ్చింది. నిందితుడే దర్యాప్తు సంస్థకు పైవాడైతే ఏమైతదో కోర్టుకు అర్థమైంది. కేసు పెట్టిన పాత సర్కారు మాత్రం ఎనిమిదేండ్లు అధికారంలో ఉండి కూడా దాన్ని ఎందుకు తేల్చలేదు? అవసరమైనప్పుడు తీసి చూపించే కత్తిలాగ ఒరలో పెట్టుకున్నదా అన్న అనుమానం మాకైతే పోలేదు.

బీజేపీ సంగతి. 2022 నవంబరు 3 మునుగోడు ఉప ఎన్నికకు నాలుగు రోజుల ముందు ఎన్నికల సంఘం ఆ పార్టీ అభ్యర్థి రాజగోపాల్ రెడ్డికి నోటీసు ఇచ్చింది. ఆయన కుటుంబ కంపెనీ నుంచి మునుగోడులో 23 ఖాతాలకు 5 కోట్ల 24 లక్షలు పోయాయన్నది టీఆర్‌ఎస్ ఫిర్యాదు. ఆరోపణను ఆయన ఖండించారు. ఎన్నికలో ఓడిపోయారు. ఏడాదికి కాంగ్రెస్‌లోకి వచ్చి అదే మునుగోడులో గెలిచారు. ఆ ఖాతాల మాట ఇప్పుడు ఎవరి నోటా రాదు. ఢిల్లీ మద్యం కేసులో 2022 నవంబరు 10న అరబిందో ఫార్మా డైరెక్టరును ఈడీ అరెస్టు చేసింది. ఐదు రోజులకు ఆ హైదరాబాద్ కంపెనీ 5 కోట్ల బాండ్లు కొన్నది. మార్చుకున్నది బీజేపీ. తర్వాత ఆ డైరెక్టరు అప్రూవర్ అయ్యారు. దీన్ని ఏమంటారో చదువుకున్నోళ్లు మీరే చెప్పండి.

మళ్లీ పంజాగుట్ట కేసుకు వద్దాం. అందులో ఫోన్లు విన్న సంగతే అందరూ మాట్లాడుతున్నారు. ఎవరి భార్యతో ఎవరు మాట్లాడింది విన్నారు, ఏ హీరోయిన్ ఫోన్ విన్నారు అన్న చర్చలతో చానళ్లు పండుగ చేసుకున్నాయి. మనకు ముఖ్యమైన భాగం వేరే ఉంది. టాస్క్‌ఫోర్స్‌లో పనిచేసిన మాజీ డీసీపీని అరెస్టు చేసినప్పుడు పోలీసులు కోర్టుకిచ్చిన రిమాండు రిపోర్టులో ఎన్నికల డబ్బు ఉంది. అధికార పార్టీ అభ్యర్థుల పైసలు పోలీసు వాహనాల్లోనే చేరవేశారని, ప్రతిపక్షాల ఫోన్లు విని వాళ్ల పైసలు ఎక్కడ కదులుతున్నాయో తెలుసుకొని దుబ్బాక, మునుగోడు ఉప ఎన్నికల్లో దారికాచి పట్టుకున్నారని ఆరోపణ.

ఇది రుజువైతే అర్థమేమిటి? చెక్‌పోస్టుల దగ్గర మన స్కూటర్ డిక్కీలు తెరిపించిన పోలీసే, పెండ్లి బంగారం కొనటానికి పోతున్న తల్లిదండ్రుల సంచి గుంజుకున్న పోలీసే, ఇంకో బండిలో ఒక పార్టీ మూటలు మోసిండన్నట్లు. 2023 ఎన్నికల్లో నవంబరు 20 నాటికే మన రాష్ట్రంలో పట్టుకున్న నగదు, మద్యం, బంగారం, కానుకలు కలిపి 659 కోట్లని ఎన్నికల సంఘం ప్రకటించింది. ఆ దఫా ఎన్నికలు జరిగిన ఐదు రాష్ట్రాల్లో మనమే ముందు. పట్టుకున్నది ఇంత. పోలీసు బండిలో పోయిందని చెబుతున్నది ఈ లెక్కలో ఉండదు కదా.

ఇంకో మాట కూడా నిక్కచ్చిగా చెప్పాలె. ఫోన్ విన్నారు కాబట్టి ఆ రోజు ప్రతిపక్షాల నాయకులు బాధితులు. ఒప్పుకుంటం. కాని దారిలో పట్టుబడ్డ కోట్లు ఎక్కడివి, ఎవరికి పంచటానికి పోతున్నాయి? ఆ ప్రశ్న ఎవరూ వేస్తలేరు. ట్యాపింగ్ బాధితుల జాబితాలో పేరుంటే సంచిలోని డబ్బు తెల్లదైపోదు.

మాసబ్ ట్యాంక్ గొర్రెల కథ కొంచెం చెప్పుకోకపోతే అన్యాయం. 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ మొదలైంది. గొల్లకురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. మంచి ఆలోచన. పుట్టుకతో మందను నమ్ముకున్న కులానికి సర్కారు అండ. కాగ్ వచ్చి ఏడు జిల్లాల్లో లెక్క చూస్తే 253 కోట్ల 93 లక్షల తేడా కనిపించింది. గొర్రెల్ని తోలుకొచ్చామని చూపించిన బండ్ల నంబర్లలో మోటారు సైకిళ్లు, ఆటోలు, అంబులెన్సులు ఉన్నాయి. మోటారు సైకిల్ మీద గొర్రెల మంద! ఒకే చెవి బిళ్ల నంబరు ఒకటి కంటే ఎక్కువ గొర్రెలకు. ఏసీబీ ఈ కుంభకోణం 700 కోట్లు అంటే, ఈడీ 2025లో వెయ్యి కోట్లు దాటుతదన్నది. 2024 మేలో ఏసీబీ అరెస్టు చేసినోళ్లలో ఫైళ్ల కేసులో పేరున్న ఆ ఓఎస్డీ కూడా ఉన్నారు. అసలు కేసు ఎట్లా మొదలైందంటే, గొర్రెలు అమ్మి పైసలు రాక గుంటూరు ప్రాంతపు కాపరులు వచ్చి మొత్తుకుంటే. వాళ్ల పైసలు వేరేవాళ్ల ఖాతాల్లో పడ్డాయట. తెలంగాణ గొల్లకురుమకు గొర్రె అందలేదు, ఆంధ్ర కాపరికి పైసలు అందలేదు. నడుమ తిన్నోళ్లకు ప్రాంతం లేదు.

ఇవన్నీ జరుగుతుంటే అడిగే దారి మనకున్నదా? సమాచార హక్కు చట్టం ఉంది. అప్పీలుకు పోవాల్సిన రాష్ట్ర సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేండ్లకు పైగా, కమిషనర్లు లేక ఖాళీగా పడి ఉంది. మొజంజాహి మార్కెట్ దగ్గర భవనం ఉంది, బోర్డు ఉంది, గుమస్తాలున్నారు. వినేవాడు లేడు. అందులో కొన్ని నెలలు పాత సర్కారుయి, ఎక్కువ నెలలు కొత్త సర్కారుయి. అవినీతి మీద యుద్ధమని వచ్చినోళ్లు యుద్ధానికి పనికొచ్చే ఆ ఒక్క ఆయుధాన్ని పదిహేడు నెలలు తుప్పు పట్టనిచ్చారు.

కాబట్టి మాకు కమిషన్ల మీద కమిషన్లు, ప్రెస్‌మీట్ల మీద ప్రెస్‌మీట్లు వద్దు. ఓట్ల లెక్కింపు మొదలైన పొద్దున్నే అన్ని మంత్రుల పేషీల్లో, శాఖాధిపతుల ఆఫీసుల్లో ఫైళ్లకు తాళం వేసి తాళంచెవి ప్రధాన కార్యదర్శికి ఇచ్చే నిబంధన కావాలె. దానికి పార్లమెంటు అక్కర్లేదు, ఒక జీవో చాలు. ఈ సర్కారు దిగేలోపు ఇస్తదా? తాము దిగే రోజు తమ ఫైళ్లకు కూడా తాళం పడుతదని తెలిసి ఇస్తదా? ముఖ్యమంత్రి నిందితుడైన కేసైనా, మాజీ మంత్రి నిందితుడైన కేసైనా విచారణ రోజువారీ జరగాలె. పార్టీ ఖర్చుకు పరిమితి ఢిల్లీలో కావాల్సిన పని, దానికి మన ఎంపీలు పదిహేడు మంది ఉన్నారు. ఒక్కరన్నా ప్రైవేటు బిల్లు పెడుతరేమో అడిగి చూద్దాం. బాండ్లు పోయాయి గాని దారి పోలేదు, ఇప్పుడు ఎలక్టోరల్ ట్రస్టులున్నాయి. 2023-24లో ఒక్క ప్రుడెంట్ ట్రస్టు నుంచే బీఆర్‌ఎస్‌కు 85 కోట్లు, కాంగ్రెస్‌కు 150 కోట్ల పైన, బీజేపీకి 700 కోట్ల పైన అందాయి. పేర్లు కనిపిస్తయి, ఎవరిది ఎవరికి పోయిందో నడుమ కలిసిపోతది.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతం. ఎన్నికల నిర్వహణ నియమాలు 1961లో 88వ నియమం ఉంది. అభ్యర్థి ఇచ్చిన ఖర్చు లెక్కను జిల్లా ఎన్నికల అధికారి ఆఫీసులో ఎవరైనా చూడొచ్చు. ఫీజు ఒక్క రూపాయి. నకలు కూడా తీసుకోవచ్చు. 2023లో హైదరాబాద్ జిల్లాకు ఆ అధికారి జీహెచ్‌ఎంసీ కమిషనరే. ఖైరతాబాద్, నాంపల్లి, సనత్‌నగర్, జూబ్లీహిల్స్ అభ్యర్థుల లెక్కలు తీయండి. మీ గల్లీలో జరిగిన సభకు ఎన్ని కుర్చీలు రాశారో, ఎన్ని బిర్యానీ పొట్లాలు రాశారో చూడండి. ఆ రోజు మీరు తీసిన సెల్‌ఫోన్ ఫొటోలు పక్కన పెట్టుకొని చూడండి. తేడా దొరికితే కాగితం మీద రాసి, ఆ ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకొని రండి. ఒక నకలు మాకు పంపండి, అచ్చేస్తం.